చిన్నతల్లి వదిన చెరువు గోడ

చిన్నతల్లి వదిన వంటిల్లు పడగొట్టేయమని సలహా ఇచ్చినవాళ్ళందరూ ఆ వంటింట్లో కాఫీ తాగినవాళ్ళే. అదే నాకు ఒళ్ళు మండే సంగతి.

వదినది మా పక్కిల్లే, రాజోలు దగ్గర. భర్త పోయాక కువైట్ వెళ్ళి ఏళ్ళ తరబడి ఎవరెవరి ఇళ్ళలోనో వండింది. తిరిగొచ్చాక ఆ సంపాదనతో ముందు కట్టుకున్నది వంటిల్లు. పడకగదికి ఇప్పటికీ రేకులే. వంటింటి వెనకే పెరటి చెరువు. వాన పడ్డప్పుడల్లా గట్టు కాస్త కాస్త జారి, కిందటేడు నీళ్ళు పునాది దగ్గరికి వచ్చేశాయి. గచ్చు బీటలు వారింది.

"పడగొట్టేసి ముందువైపు కట్టుకోమ్మా. ఇంకో వానకి ఎలాగూ ఉండదు," అన్నారు వాళ్ళ బావగారు తాతారావుగారు.

"ఆయ్, చూస్తానండి," అంది వదిన. ఆవిడ చూస్తానందంటే చెయ్యదని అర్థం.

గట్టుకి అడ్డంగా గోడ కట్టమంటే తాపీమేస్త్రి శ్రావణం దాటాక వస్తానన్నాడు. మా వైపు వేసవిలో కాలువలకి నీళ్ళు కట్టేస్తారు. చెరువులు అడుగంటేది అప్పుడే. మళ్ళీ కాలువలు వదిలేలోగా చెరువులో ఏ పనైనా అయిపోవాలి. శ్రావణం దాటాక వచ్చి ఈత కొడతాడా ఏమిటి? వదిన చీర ఎగ్గట్టి తనే దిగింది. మిగిలిన నీళ్ళు మోటారుతో తోడేసి, ఫోన్లో వీడియోలు చూసి, ఇటుకా సిమెంటూ పెట్టి నడుమెత్తు గోడ లేపింది. చిన్న కంత కూడా లేకుండా నున్నగా పూత పూసింది. నిజం చెప్పాలంటే మేస్త్రి గోడకంటే అందంగా ఉంది.

ఒక్క గాలివాన వచ్చింది. తెల్లారేసరికి గోడ మొత్తం చెరువులోకి బోర్లాపడి ఉంది.

"చెప్పేను కదమ్మా," అన్నారు తాతారావుగారు. ఆ ముక్క అనడానికి అంత పొద్దున్నే పరిగెత్తుకు రావాలా? వదిన మాత్రం కిందికి దిగి, గోడ ఊడిన చోట మట్టిలో చెయ్యి పెట్టింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి.

"గట్టులో నీళ్ళు చేరేయి రేచలమ్మా. బయటికి దారి లేక గోడని తోసేసేయి. ఆ దారి నేనే మూసేసేను," అంది నాతో. ఏడ్చింది కూడా. ఏడుస్తూనే పనికొచ్చే ఇటుకలు ఏరి గట్టున పేర్చింది.

మా పెరట్లో మోడైపోయిన కొబ్బరి చెట్లు కొట్టించి దుంగలు ఇచ్చాను. వదిన వాటిని వరసగా నిలువునా పాతింది. వాటి వెనక, కాయలు వలిచాక మిగిలిన డొక్కలు దట్టంగా కూరి, ఆపైన మట్టి మెత్తింది. నీళ్ళు డొక్కల్లోంచి వడకట్టినట్టు బయటికి వచ్చేస్తాయి, మట్టి ఆగిపోతుంది. మోయలేక నా నడుం పడిపోయింది. మిగతాది రేపు చేద్దాం వదినా అంటే, "నువ్వెళ్ళి పడుకో. కాలువ నీకోసం ఆగదు," అంది. అంత విసురు ఆవిడలో నేనెప్పుడూ చూడలేదు.

కాలువలు వదిలారు. వెంటనే ముసురు పట్టింది. చెరువు నిండింది. దుంగల సందుల్లోంచి నీళ్ళు సన్నగా ఊరాయి కానీ గట్టు కదల్లేదు. వంటిల్లు వంటిల్లులా ఉంది.

వాన తెరిపిచ్చాక తాతారావుగారు వచ్చారు. ఆ పూట వదిన చింతచిగురు వేసి రొయ్యలు వండింది.

"భోంచేసి వెళ్ళండి బావగారూ."

ఆయన గుమ్మంలోనే ఆగిపోయి, చెరువు వైపున్న వంటింటి గోడని ఎగాదిగా చూశారు. "ఇక్కడికే ఇచ్చెయ్యమ్మా, వసారాలో తింటాను," అన్నారు.

"ఆయ్, మీ ఇష్టమండి."

ఆయనకి వసారాలో వడ్డించింది. తర్వాత పీట తీసుకెళ్ళి సరిగ్గా ఆ గోడ దగ్గరే వేసుకుంది. గోడకి వీపు చేరేసి కూర్చుని, నెమ్మదిగా, రెండోసారి కూడా అన్నం పెట్టుకుని తింది.