అమ్మ తెచ్చిన చేటెడు రాగులు

సరే, రాసుకో. నేను చెప్పినట్టే రాయి, మధ్యలో ఆపి ప్రశ్నలు వేయొద్దు. నాకు దారి తప్పిపోతుంది.

యుద్ధం జరుగుతున్న రోజులు. కుప్పం దాటి కొంత దూరం పోతే మన జిల్లా అయిపోయి మైసూరు రాజ్యం మొదలయ్యేది. నువ్వు బస్సులో నిద్రపోతూ దాటేస్తావు గానీ, మాకు అది వేరే దేశమే. అక్కడ మహారాజు, ఇక్కడ తెల్లదొరలు. రెండింటికీ నడుమ రోడ్డుకు అడ్డంగా ఒక వెదురు బొంగు, పక్కన పెంకుల గది. దాన్నే చౌకీ అనేవాళ్లం. ఆ గదిలో కూర్చుని అటు ఏం పోతోందో, ఇటు ఏం వస్తోందో రాయడం మా నాయన ఉద్యోగం. అంతకుముందు పుంగనూరులో ఉండేవాడు, అక్కడి నుంచి మార్చి ఇక్కడ వేశారు.

ఆయన పుస్తకంలో ఎడమవైపు పుట పోయేవాటికి, కుడివైపు పుట వచ్చేవాటికి. చింతపండు, బెల్లం, వేరుశనక్కాయలు, గొర్రెలు, అన్నీ వరసగా రాసేవాడు. బండిని ఆపి గోనెలు తడిమి చూసేవాడు. వారానికొకసారి అంతా కూడి పై కచేరీకి పంపేవాడు. ఇట్లా అన్ని చౌకీల లెక్కలూ ఒకచోట చేరితేనే దేశం ఏం అమ్ముకుందో, ఏం కొనుక్కుందో తెలుస్తుందట. అందుకని ఒక్క కోడి దాటినా వదిలేవాడు కాదు.

మా అమ్మ మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో కాన్పుల పని నేర్చుకున్న మనిషి. చౌకీకి అవతల పది పన్నెండు పల్లెలకు దగ్గరలో ఆసుపత్రి లేదు. ఏ ఇంట్లో నొప్పులు మొదలైనా బండి కట్టుకుని అమ్మకోసం వచ్చేవాళ్లు. ఆ పల్లెల్లో ఒక పద్ధతి ఉండేది. కాన్పు చేసిన మనిషిని వట్టి చేతులతో పంపకూడదు. చేటలో రాగులు పోసి, పైన బెల్లం ముక్క పెట్టి ఇచ్చేవాళ్లు. మొగపిల్లవాడైతే కోడి కూడా. వద్దంటే బిడ్డకు మంచిది కాదని ఏడుపు ముఖం పెట్టేవాళ్లు. మా ఇంట్లో సంగటి సగం ఆ రాగులతోనే. కంట్రోలు కాలం కదా, అంగట్లో దొరికేది తక్కువ.

ఇప్పుడు మా నాయన సంగతి విను. కట్టుకున్న భార్య అని వదిలేశాడా? లేదు. ప్రతిసారీ కుడివైపు పుటలో రాసేవాడు: ఒక ఆడమనిషి, రాగులు ఇన్ని శేర్లు, కోడి ఒకటి.

ఒకరోజు పై నుంచి ఇనస్పెక్టరు వచ్చి పుస్తకం తిరగేశాడు. నేను నాయనకు సద్ది తీసుకుపోయి అక్కడే ఉన్నాను.

"ఏమప్పా, ఈ ఆడమనిషి ఎవురు? వారం వారం రాగులు తెస్తాండాది. ఈడి నుంచి ఏం తీసకపోయిందో ఒక్కసారన్నా రాసినావా?"

"ఏమీ తీసకపోలేదు సార్."

"ఏమీ తీసకపోకుంటే వాళ్లు ఊరికే ఇస్తారా? ఆడేమన్నా ధర్మసత్రం పెట్టినారా?"

"ఆమె కాన్పులు చేస్తాది సార్. మా ఇంటామె."

ఇనస్పెక్టరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. కిరసనాయిలో, గుడ్డలో దొంగతనంగా అటు చేరవేసి బదులుగా రాగులు తెస్తున్నారని ఆయన అనుమానం. అమ్మను పిలిపించి సంచీ విప్పమన్నాడు. కత్తెర, నూలు దారం, ఉడకబెట్టి ఆరేసిన పాతగుడ్డలు, ఒక సబ్బు.

"సబ్బు పోతాంది కదా!" అన్నాడు.

"పోతాది, తిరిగొస్తాది సార్," అంది అమ్మ. "వచ్చేటప్పుడు కొంచెం అరిగి ఉంటాది. ఆ అరిగింది రాసుకోమని ఈయనకు చెప్పండి."

నాయన తల వంచుకున్నాడు. నిజంగానే ఆయన సబ్బు గురించి రెండు రోజులు ఆలోచించాడని తర్వాత అమ్మే నవ్వుతూ చెప్పింది.

ఇనస్పెక్టరు మాత్రం నవ్వలేదు. సరుకు పోకుండా సరుకు వస్తే లెక్క ఒప్పుకోదన్నాడు. ఇకమీదట ఆమె గింజ తెచ్చిందంటే చౌకీ దాటే పాసు తీసేస్తానని, అటు పోవడమే కుదరదని చెప్పి వెళ్లిపోయాడు.

నాలుగు రోజులకే అవతలి పల్లె నుంచి ఒకాయన బండి తోలుకుని వచ్చాడు. భార్యకు తొలి కాన్పు.

"పోతాండావా?" అన్నాడు నాయన.

"పోకుండా ఎట్ల?"

"పోతే వాళ్లు రాగులు పోస్తారు. తెస్తే నేను రాయాల. రాస్తే పాసు పోతాది. ఇంకోసారి ఎవురికన్నా నొప్పులొస్తే ఎట్ల పోతావు?"

"రాయొద్దంటే రాయకుండా ఉంటారా?"

నాయన రాయకుండా ఉండలేడని ఇద్దరికీ తెలుసు. అమ్మ సంచీ తీసుకుని బండెక్కింది.

మర్నాడు మధ్యాహ్నానికి గానీ బిడ్డ పుట్టలేదట. ఆడపిల్ల. పద్ధతి ప్రకారం అత్తగారు చేట తెచ్చి అమ్మ ముందు పెట్టింది. అమ్మ చేటను రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, లేచి వెళ్లి ఆ రాగుల్ని వాళ్ల గాదెలోనే పోసేసింది. "నేను తీసుకున్నట్టే అక్కా. నా రాగులు మీ ఇంట్లో ఉండనీ. చౌకీ దాటితే నన్ను మళ్లీ ఈడికి రానీరు," అని చెప్పింది. ఆ పెద్దామె ఒప్పుకోలేదు. తీసుకోవడమంటే ఇల్లు చేరడమేనంటూ చాలాసేపు వాదించింది. అమ్మ వట్టి చేతులతో ఇంటికొచ్చింది. ఆ వారం మేము జావ పలచగా తాగాము.

అది అక్కడితో ఆగలేదు. పది రోజులకు ఆ బిడ్డ తండ్రి, తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని చౌకీ దగ్గరికి నడిచి వచ్చాడు.

"ఏం తెస్తాండారప్పా?" అన్నాడు నాయన, కలం పట్టుకుని.

"ఏమీ లేదు. సూడు," అని ఇద్దరూ అరచేతులు చూపించారు.

నాయన వాళ్ల పంచెలు కూడా విదిలించి చూశాడు. ఏమీ లేదు. ఏమీ రాయలేదు. వాళ్లు తిన్నగా మా ఇంటికి వచ్చి, మా ఇంటి వెనక మిట్టలో బోద గడ్డి కోసి, రెండు రోజులు ఉండి, ఇంటి కప్పు మొత్తం కొత్తగా నేశారు. వానొస్తే నాలుగు చోట్ల గిన్నెలు పెట్టుకునే ఇల్లు మాది. పోయేటప్పుడు మళ్లీ చేతులు చూపించి పోయారు.

ఆ తర్వాత అదే పద్ధతైపోయింది. ఒక కాన్పుకు మా బావిలో పూడిక తీశారు. ఇంకొకరు వచ్చి గోడ పెట్టారు. ఒక ముసలాయన మూడు రోజులు కూర్చుని మంచాలన్నీ అల్లిపెట్టి పోయాడు. వచ్చిన ప్రతివాణ్నీ నాయన సోదా చేసేవాడు. ఏమీ దొరికేది కాదు. పుస్తకంలో అమ్మ పేరిట రెండు పుటలూ ఖాళీ.

వానాకాలంలో ఇనస్పెక్టరు మళ్లీ వచ్చాడు. జోరు వాన. చౌకీ గదిలో పెంకులు కారుతుంటే పుస్తకం తడుస్తుందని మా ఇంట్లోకి వచ్చి కూర్చున్నాడు. వేలితో వరసలు చూసుకుంటూ పోయి, "ఇప్పుడు లెక్క శుభ్రంగా ఉండాదప్పా," అన్నాడు.

అమ్మ ఆయనకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"అటు పోయేది మానుకున్నావామ్మా?"

"లేదు సార్. మొన్న కూడా పోయొచ్చినాను."

"మరి ఏమీ తేలేదే?"

"మీరే తేవద్దంటిరి కదా."

ఆయనకు ఆశ్చర్యం వేసింది. "మరి యాల పోతాండావు, ఊరికే?"

ఇంట్లో ఒక్క చుక్క కూడా పడటంలేదు. నాయన గొంతు సవరించుకుని పైకి చూశాడు. ఏదో చెప్పబోయాడు కూడా. అమ్మ ఆయన్ని మాట్లాడనివ్వలేదు.

"ఊరికే ఏం కాదు సార్," అని ఇనస్పెక్టరు గ్లాసులో ఇంకొంచెం మజ్జిగ పోసింది.