క్లాసులో కట్టిన మైకక్క వేషం

హోటలు కింది అంతస్తులో కిటికీల్లేని లాండ్రీ గది ఉంది. అక్కడ పనిచేసే ఒకామెను అందరూ ప్రొఫెసరమ్మ అంటారు. నిజానికి ఆమె పగలు దుప్పట్లు ఉతికి, సాయంత్రం యూనివర్సిటీకి వెళ్ళే విద్యార్థిని. నలుగురి చేత పని చేయించడం ఎలా, పనిచోట పొరపొచ్చాలు వస్తే సర్దడం ఎలా, ఇదీ ఆ చదువు.

"మనుషులతో మాట్లాడ్డానిక్కూడా కాలేజీకి పోవాలటే తల్లీ!" అని మొదట పగలబడి నవ్వింది ఇస్త్రీ రోలరు దగ్గర పనిచేసే మైకక్కే. క్లాసున్న రోజున "ఇక కదులు, నీ దిండు గలీబులు నేను చూసుకుంటాలే" అని ఆమె పని నెత్తినేసుకున్నదీ మైకక్కే.

మైకు మింగినట్టు మాట్లాడుతుందని ఆ పేరు. ఇస్త్రీ రోలరు మొరాయిస్తే "ఏమే మొద్దూ, నిన్న తిన్నది అరగలేదా?" అని దాన్ని చరుస్తుంది. కొత్తగా మడతల యంత్రం వచ్చింది. అది మడిచిన దుప్పటిని విప్పి, మళ్ళీ తన చేత్తో మడుస్తుంది. అది శుద్ధ దండగ పని. ఎవరు చెప్పినా వినదు.

ఒక సాయంత్రం క్లాసులో పంతులుగారు అన్నారు: "మీ దగ్గర మాట వినని మనిషి ఒకరుంటారుగా, ఆ మనిషిలా నటించండి. దారికి తెచ్చే ఉపాయం తక్కినవాళ్ళు చెప్తారు."

ప్రొఫెసరమ్మకి చిన్నప్పటి నుంచీ అనుకరణ వెన్నతో పెట్టిన విద్య. లేచింది, నడుం మీద చెయ్యేసుకుంది. "యంత్రం మడిస్తే అదీ ఒక మడతేనా? నా చెయ్యి పడందే దుప్పటి గడప దాటదు!" అంటూ టేబుల్ని ఒక్కటి చరిచింది. క్లాసంతా ఘొల్లుమంది. వెనక వరసలో, తనూ ఆ చదువుకే చేరిన, తమ హోటలుకి కొత్తగా వచ్చిన మేనేజరమ్మ కూర్చుని ఉంది. ఆవిడ ఉందని ప్రొఫెసరమ్మకి తెలుసు. తెలియక చేసిందైతే ఈ కథే లేదు. ఆవిడ కూడా నవ్వాలని, తనను గుర్తుపెట్టుకోవాలని, గొంతు ఇంకో మెట్టు పెంచింది. ఆవిడ నవ్వింది.

వారం తిరక్కుండా మైకక్కని రోలరు దగ్గర్నుంచి తీసేశారు. గదిగదికీ తిరిగి మాసిన గుడ్డలు ఏరుకొచ్చే పనిలో వేశారు. మోకాళ్ళ నొప్పుల మనిషి, బండి తోసుకుంటూ.

"ఎవరో పుల్ల పెట్టారే," అంది మైకక్క, బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కూలబడి. "నువ్వు చదువుకున్నదానివి. నాతో వచ్చి మేనేజరమ్మకి ఒక మాట చెప్పు. నా మాటలు ఆవిడకి ఎక్కవు."

ప్రొఫెసరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "అక్కా, ఆ పుల్ల పెట్టింది నేనే," అంది. జరిగిందంతా చెప్పేసింది, మేనేజరమ్మ కోసం గొంతు పెంచిన సంగతితో సహా.

మైకక్క ఆమె వైపు తిరిగింది. "ఏదీ, చెయ్యి," అంది.

"ఏంటక్కా?"

"నన్ను. అక్కడెలా చేశావో అలాగే."

"వద్దక్కా, నీకు దండం పెడతా."

"వాళ్ళకి చూపించావుగా. నాకు చూపించడానికి సిగ్గేంటి?"

లేచి నిలబడక తప్పలేదు. నడుం మీద చెయ్యి పెట్టింది. మాటలు అవే, గొంతూ అదే, ఒక్కటే తేడా, నవ్వేవాళ్ళు లేరు. సగంలో ఏడుపు తన్నుకొచ్చి ఆగిపోయింది.

"నేనంత గట్టిగా అరుస్తానా?" అంది మైకక్క. కోపంగా కాదు, నిజంగానే తెలియనట్టు అడిగింది. జవాబు కోసం ఆగకుండా లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు ప్రొఫెసరమ్మ ఒక్కతే మేనేజరమ్మ గదికి వెళ్ళింది. "నవ్వించడానికి చేశానండీ. నేను చదువుకుంటున్నది ఆవిడ నా పని కూడా చేయబట్టే. అది మాత్రం మీకు చూపించలేదు," అంది.

"క్లాసులో ఇది చెప్పి ఉంటే బాగుండేదమ్మా," అంది ఆవిడ నెమ్మదిగా. పని పట్టీ ముందుకు లాక్కుని మైకక్క పేరు చోటు మార్చి రాసింది.

మైకక్క మళ్ళీ రోలరు దగ్గరికి వచ్చింది. వచ్చింది గానీ గొంతు రాలేదు. యంత్రం మడిచినవి మడిచినట్టే బండిలో పెడుతోంది. గదిలో మోటార్ల రొద తప్ప ఏమీ లేదు.

"ఏంటక్కా, మైకు చెడిపోయిందా?" అని ఉతికే ఆయన దూరం నుంచి కేకేశాడు. "ప్రొఫెసరమ్మా, నువ్వన్నా చెప్పవేం, ఏమైంది ఈవిడకి?"

మైకక్కా ప్రొఫెసరమ్మా అప్పుడు ఒక పెద్ద దుప్పటిని చెరో కొసా పట్టుకుని దులుపుతున్నారు. ప్రొఫెసరమ్మ చెప్పేద్దామనే నోరు తెరిచింది. అందరి ముందూ అనేస్తే బరువు దిగుతుందనుకుంది.

"జలుబు చేసిందయ్యా," అంది మైకక్క చప్పున. దగ్గరికొచ్చి తన కొస ఆమె చేతిలో పెడుతూ, ఆమెకి మాత్రమే వినపడేలా అంది: "ఊరుకో. ఇక్కడ కూడా నా వేషం నలుగురి ముందు పెట్టకు."

ప్రొఫెసరమ్మ రెండు కొసలూ కలిపి దుప్పటి మడవసాగింది.