చేతిలో పని ఉంటేనే మాట

“ఆనేకల్ నుంచి వస్తాండాను సార్. మీరు మా అవ్వ ఇంట్లో కండెలు చుట్టినారంట కదా,” అంది ఆ అమ్మాయి, ఇంకా చెప్పులు విప్పకముందే.

అది చలి మొదలైన వారం. సాయంత్రం కాఫీకి ముందు నేను డైరీ రాసుకునే వేళ. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి ఆ వేళ తప్పలేదు. ఎవరైనా వస్తే, రాస్తున్న వాక్యం పూర్తయితే గాని తల ఎత్తను. ఆ రోజు మాత్రం వాక్యం మధ్యలోనే కలానికి మూత పెట్టాను.

నేను మానవశాస్త్రం మనిషిని. జనం ఎట్లా బతుకుతారో, ఎవరిని చుట్టమంటారో, దేన్ని మర్యాద అంటారో, వాళ్ల మధ్యనే ఉండి తెలుసుకుని రాయడం మా పని. నాకు మొదట అప్పగించిన ఊరు ఆనేకల్. మొదటి ఇల్లు పట్టు నేసే ఒక కుటుంబానిది. ఆ ఇంటి పెద్దావిడ మనవరాలు ఇప్పుడు అదే శాస్త్రంలో పరిశోధనకు చేరి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా ఇంటి గుమ్మం ముందు నిలబడింది.

ఆమెకు కావలసింది చూడ్డానికి చిన్నదే. అపార్ట్‌మెంట్లలో ఉండే రిటైరైన వాళ్ల గురించి రాయాలనుకుంటోంది. పగలంతా ఏం చేస్తారు, ఎవరితో మాట్లాడతారు, తలో ఊరి నుంచి వచ్చిన వాళ్లు ఒకరికొకరు ఎట్లా కావలసిన వాళ్లవుతారు, ఇదీ ఆమె ప్రశ్న. ఒక ఏడాది పాటు మా భవనానికి వచ్చిపోవాలి. మా భవనం వాళ్ల సంఘం రాతపూర్వకంగా అనుమతి ఇస్తేనే విశ్వవిద్యాలయం ఒప్పుకుంటుంది. అప్పటికే రెండు అపార్ట్‌మెంట్ల వాళ్లు కాదన్నారు. నెలాఖరులోగా ఇక్కడా కుదరకపోతే చదువు ఆపేసి, ఒక కంపెనీ ఇస్తానంటున్న ఉద్యోగంలో చేరిపోవాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది.

“మాలో చూడ్డానికి ఏముందమ్మా? పొద్దున నడక, తర్వాత పేపరు, ఆ తర్వాత మందులు,” అన్నాను.

“మా అవ్వ కూడా మీతో అట్లే అనిందంట సార్. మాలో చూసేదానికి ఏముండాదప్పా, మగ్గం ఉండాది, కూడు ఉండాది, అని.”

కాఫీ తెస్తున్న మా ఆవిడ వంటింటి గడపలోనే ఆగి నవ్వింది. ఆమెది హొసకోటె. “ఇన్నాళ్లకు దొరికినారు. నువ్వు బాగా చూడు పాపా, చానా ఉండాది ఈయన కాడ,” అంది.

ఆ అవ్వ అట్లా అన్న మాట నిజమే. చేతిలో ప్రశ్నల పత్రం పట్టుకుని వాళ్ల అరుగు మీద రోజుల తరబడి కూర్చున్నాను. అవును, కాదు అన్న రెండు మాటలు తప్ప మూడోది రాలేదు. ఒక పొద్దున ఆమె రాట్నం నా ముందుకు తోసింది.

“ఎంతసేపని ఊరికే కూసోనుంటావప్పా. మా ఇంట్లో చేతిలో పని లేనోళ్లతో మాట్లాడే వాడుక లేదు. ఇది తిప్పు, నేను చెప్తా ఉంటాను.”

నేతలో అడ్డంగా పోయే పోగు కోసం, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్లకు దారం చుడతారు. అదే కండె. చూస్తే పసిపిల్లల ఆటలా ఉంటుంది. నా చేతిలో మాత్రం దారం తెగుతూనే పోయింది. “నీకు పిల్లనిచ్చేటోళ్లు యాడుండారో పాపం,” అని ఆమె అంటే మగ్గం గుంటలో కూర్చున్న వాళ్లందరూ నవ్వారు. ఆ నవ్వుతో మాట మొదలైంది. అయితే ముందుగా ప్రశ్నలు వేసింది వాళ్లే. కులమేంది, జీతమెంత, ఇట్లా ఊళ్లు తిరుగుతున్నట్టు మీ అమ్మకు తెలుసా. వాళ్లకు తృప్తిగా జవాబులు చెప్పాక గాని నా వంతు రాలేదు. ఆ వీధిలో నాకు ‘రాసే అప్ప’ అని పేరు పడింది. రెండేళ్లు ఆ పేరుతోనే ఉన్నాను. వెళ్లేనాటికి నా దారం తెగడం మానేసింది.

మా ఆఫీసు వాతావరణం వేరు. సామాన్ల గదిలో ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో మనుషుల తలలు, ముక్కులు కొలిచే ఇత్తడి పరికరాలు మఖమల్ గుడ్డలో పడుకుని ఉండేవి. మా ముందు తరం వాళ్లు వాటితో ఊరూరా తిరిగి, మనుషుల్ని ముక్కు పొడుగును బట్టి వరుసలు కట్టారు. నేను చేరేనాటికి వాటిని ఎవరూ వాడటం లేదు గానీ, ఎవరూ పారేయనూ లేదు. ఏడాదికోసారి సామాన్ల తనిఖీలో వాటికి నూనె రాసి మళ్లీ పెట్టెలో పెట్టేవాళ్లు. నన్ను ఆనేకల్ పంపిన పెద్దాయన మంచి మనసున్న మనిషి. “త్వరగా రాసుకోండి. ఈ మగ్గాల వాళ్లు ఎంతోకాలం ఉండరు,” అన్నాడు, గొంతు తగ్గించి, పక్క గదిలో రోగి ఉన్నట్టు.

మా శాస్త్రానికి పుట్టినప్పటి నుంచి ఈ రెండు అలవాట్లు ఉన్నాయి. ఒకటి కొలవడం. రెండోది, బతికున్న వాళ్ల కోసం ముందుగానే ఏడవడం. ఆ మగ్గాలలో చాలావరకు మరమగ్గాలయ్యాయి, కొన్ని మూలపడ్డాయి, కొడుకులు చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు వెళ్లారు. మనుషులు మాత్రం ఎక్కడికీ పోలేదు. మా కాఫీ తాగుతూ, నేను ఏ చేత్తో గ్లాసు పట్టుకున్నానో గమనిస్తోంది వాళ్ల పిల్ల.

సంఘం వాళ్లతో మాట్లాడే పని నా మీద వేసుకున్నాను. ఏ పనైనా పద్ధతిగా చేయడం నా స్వభావం. ఆదివారం సమావేశానికి ఉపన్యాసం మూడు భాగాలుగా రాసుకున్నాను: మానవశాస్త్రం గతం, వర్తమానం, భవిష్యత్తు. దాచకుండా చెబితేనే జనం నమ్ముతారని నా అనుభవం. అందుకని గతంలోని చెడు అంతా ముందే చెప్పేయాలనుకున్నాను. చెక్కపెట్టె, ఇత్తడి పరికరాలు, ముక్కుల కొలతలు, కులాల వారీ పట్టికలు, పరాయి దొరలకు పనికొచ్చిన రిపోర్టులు, అన్నీ వివరంగా చెప్పాను.

రెండో భాగానికి చేరనే లేదు. ముందు వరుసలో ఒకాయన చెయ్యెత్తాడు. “సార్, అంటే మావి కూడా కొలుస్తారా?”

“ఈయన తలకు టేపు చాలదండీ,” అంది పక్కనే ఉన్న ఆయన భార్య. హాలంతా నవ్వింది.

“కులం అడుగుతారా సార్? అది మాత్రం కుదరదు,” అన్నాడు ఇంకొకాయన, నవ్వకుండా.

“డేటా ఎక్కడ స్టోర్ అవుతుంది?” అని వెనకనుంచి ఇంకో గొంతు.

మా కార్యదర్శి కర్నూలు వైపు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ మేనేజరు, మెత్తటి మనిషి. “సార్, మీ మీద చాలా రెస్పెక్ట్ ఉంది. కానీ ఇది ప్రైవసీ ఇష్యూ అవుతుంది. రేపు ఏమైనా అయితే కమిటీ మీదికి వస్తుంది,” అన్నాడు. చేతులెత్తమంటే కాదనే వైపే ఎక్కువ చేతులు లేచాయి. తర్వాత నీళ్ల ట్యాంకర్ల విషయం మొదలైంది.

ఆ అమ్మాయి చివరి వరుసలో కూర్చుని అంతా విన్నది. లిఫ్టు దగ్గర నాతో అంది: “సార్, మీరు రెండో భాగంతో మొదలుపెట్టుంటే బాగుండేదేమో.”

“మూడో భాగం ఇంకా బాగుంది,” అన్నాను. ఆమె నవ్వింది గానీ కళ్లు నవ్వలేదు.

మళ్లీ గురువారం పొద్దున వచ్చింది, నేనిచ్చిన పుస్తకాలు తిరిగివ్వడానికి. కంపెనీ వాళ్లకు సరేనని చెప్పేస్తానంది.

“అదీ మన పనే సార్. జనం ఇండ్లకు పోయి ఫోన్ ఎట్ల వాడతారో చూడాలంట. ఒక్కో ఇంట్లో రెండు గంటలు చాలంట. మాట్లాడినదంతా మిషనే రాసుకుంటాది, రిపోర్టు కూడా అదే ఇస్తాదంట. మీరు మా ఇంట్లో రెండేండ్లు ఉండినారని చెప్తే ఆఫీసోళ్లు నవ్వినారు.”

అది తక్కువ పని అని నేననలేదు. ముసలివాళ్ల కంటికి ఆనే పెద్ద అక్షరాలు ఫోన్లోకి వచ్చాయంటే అట్లాంటి వాళ్ల పుణ్యమే. కాకపోతే, రెండు గంటలే అయితే ఆనేకల్ అరుగు మీద నాకు దొరికేది అవును, కాదు అన్న రెండు మాటలే. ఆ మాట పైకి అనలేదు. అంటే పెద్దవాళ్ల చాదస్తంలా ఉంటుంది, ఆమె నిర్ణయాన్ని బరువు చేస్తుంది.

అంతలో మా ఆవిడ వంటింట్లోంచి పెద్ద గిన్నె మోసుకొచ్చింది. అనపకాయల కాలం. బెంగళూరులో అవరెకాయ అంటారు. మంచు పడ్డ కాయ వాసన చేతికి రెండు రోజులు పోదు. గింజలు నానబెట్టి, ఒక్కొక్కటే వేళ్ల మధ్య నొక్కితే తొక్క చేతిలో మిగిలి పప్పు జారి పడుతుంది. అదే పితికిన పప్పు. ఒక్కరే చేస్తే ఎప్పటికీ తెమలదు. అందుకని ఈ కాలంలో మా భవనంలో ఆడవాళ్లు ఎవరి గిన్నె వాళ్లు తీసుకుని పొద్దున పూట కింది హాల్లో చేరతారు.

“మోకాలు నొస్తాండాది పాపా. ఈ గిన్నె కింద పెట్టిపో,” అంది మా ఆవిడ.

అమ్మాయి గిన్నె తీసుకుని వెళ్లింది. నేనూ పేపరు పట్టుకుని దిగాను. హాల్లో ఒక మూల పేపర్లు చదివే బల్ల ఉంది, నా చోటు అదే.

గిన్నె కింద పెట్టిన అమ్మాయి లేవలేదు. అలవాటుగా కాళ్లు మడిచి, గింజలు తీసి నొక్కడం మొదలుపెట్టింది. ఎదురుగా కార్యదర్శి వాళ్లమ్మ. ఆ గుంపుకు ఆమే పెద్ద. కాసేపు ఆ చేతుల్ని చూసింది.

“ఏ ఊరు పాపా?”

“ఆనేకల్ అవ్వా.”

“ఏం కులం?”

ఆదివారం నాడు కులం మాట కుదరదన్న ఆయన భార్య పక్కనే ఉంది. ఆమె కూడా జవాబు కోసం మెడ చాచింది. నేను పేపరు కొంచెం పైకి ఎత్తుకున్నాను. అమ్మాయి చెప్పింది. పెళ్లి కాలేదని చెప్పింది. స్కాలర్‌షిప్ ఎంతో కూడా చెప్పింది.

“అంతేనా. మా పనిమనిషి నయం,” అంది ఒకామె.

“పని కూడా చేస్తానక్కా, చూడండి, మీకన్నా బిరాన పితుకుతాండా.”

వాళ్లు నవ్వారు. ఆ తర్వాత నేను పేజీ తిప్పలేదు. ఒకామె, కొడుకు కోడలు ఆఫీసు ఫోన్లలో ఉంటే ఇంట్లో దగ్గడానికి కూడా భయమని, అందుకే ఇక్కడికొచ్చి తనివితీరా దగ్గుతానని చెప్పింది. మరొకామె కూరగాయల బండి ఆయనతో బేరం ఆడటం కోసమే కన్నడం నేర్చుకుందట, ఇప్పుడు కోపం వస్తే కన్నడమే వస్తుందట. ఇంతలో ఎవరో మా ఆవిడను “నాలుగొందల ఒకటి వదినా, ఆ జల్లెడ ఇట్లివ్వు” అన్నారు. రెండొందల మూడు అక్క, ఒకటి సున్నా ఐదు పిన్ని, పైనుంచి ఎవరో చిన్నత్త. ఇంటి నంబరుకు వరస కలిపి పిలుచుకుంటున్నారు. ఎవరి వరస ఎట్లా తేలిందో ఏ పుస్తకంలోనూ లేదు. ఆ భవనంలో పదేళ్లుగా ఉంటున్నాను, మా ఇంటి నంబరు ఒక వదిన అని నాకు తెలియదు.

అమ్మాయి కళ్లు మెరిశాయి. చెయ్యి మాత్రం ఫోను వైపు పోలేదు. గింజ మీదే ఉంది.

పన్నెండు దాటాక కార్యదర్శి వాళ్లమ్మను భోజనానికి పిలవడానికి వచ్చాడు.

“ఈ పాపకు కాయితం ఇయ్యనన్నావంట కదరా?” అంది ఆమె.

“అమ్మా, అది కమిటీ డిసిషన్. ప్రైవసీ ఉంటుంది కదా.”

“ఏం ప్రైవసీరా. నువ్వు ఆరో తరగతిలో ఇల్లు వదిలి పారిపోయి బస్టాండులో దొరికింది కూడా చెప్పేసినా.”

ఆయన నా వైపు చూశాడు. నేను పేపరులోకి చూశాను.

తర్వాతి ఆదివారం మళ్లీ చేతులెత్తారు. ఈసారి ఉపన్యాసం లేదు. కార్యదర్శి వాళ్లమ్మ కుర్చీలోంచి లేవకుండానే, చెప్పేది వినే ఓపిక ఉన్న మనిషి దొరికితే వద్దనడం ఏం తెలివి అని అడిగింది. ఇష్టం లేని వాళ్ల తలుపు తట్టకూడదు, రాసింది ముందు వాళ్లకే చదివి వినిపించాలి అన్న రెండు షరతులు పెట్టారు. మూడోది ఆమె సొంతం: అనపకాయల కాలం అయిపోయేదాకా పప్పు పితకాలి, తర్వాత ఏ పని ఇవ్వాలో మేము చూసుకుంటాం. నెలాఖరుకు ముందే అనుమతి పత్రం మీద సంతకం అయింది. అమ్మాయి అక్కడే నిలబడి కంపెనీకి ఫోన్ చేసి, రాలేనని చెప్పింది.

నేను ఎంతో శ్రద్ధగా రాసుకున్న మూడో భాగం, మానవశాస్త్రం భవిష్యత్తు, అట్లాగే ఉండిపోయింది. మొన్న తీసి చదివాను. వాక్యాలు బాగున్నాయి. అయితే అందులో ఎక్కడా నేను లేను. మేము చూడటానికి వెళ్లే వాళ్లమే తప్ప మమ్మల్ని చూడటానికి ఒకరు వస్తారని ఊహించలేదు. వచ్చింది. బాగానే ఉంది. కొంచెం ఇరుకుగా, కొంచెం గర్వంగా ఉంటుంది, ఫొటో తీయించుకునేటప్పుడు ఉన్నట్టు.

ఇప్పుడు ఆమెను అందరూ ‘రాసే పాప’ అంటున్నారు. నన్ను సార్ అనడం మానేసి తాతా అంటోంది. నిన్న పొద్దున నేను మామూలుగా నా బల్ల దగ్గరికి వెళ్తుంటే పిలిచింది.

“తాతా, ఈ పొద్దు మీ వంతు. దినామూ సాయంత్రం డైరీలో ఏం రాస్తారు, ఎందుకు రాస్తారు?”

చెప్పడానికి కుర్చీ లాక్కున్నాను, గొంతు సవరించుకున్నాను. మా ఆవిడ నానిన గింజల గిన్నె నా ముందుకు జరిపింది.

“ఊరికే కూసోని చెప్పద్దు. కింద కూసోండి.”

కూర్చున్నాను. మొదటి గింజ వేళ్లలోంచి జారి దూరంగా పడింది. ఆడవాళ్లందరూ నవ్వారు. రెండోది సరిగ్గానే వచ్చింది.