ఆంటీ దిద్దని రంగు

ఉత్తరాదిన మేముండే ఇందిరాపురం అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు ఆంటీ పోయిన వారం కన్నుమూశారు. పొద్దున్నే అంకుల్ ఫోన్ చేసి, "మీ ఆంటీ ఇక లేదమ్మా" అన్నారు.

ఆవిడ కాకినాడలో డ్రాయింగ్ టీచరుగా చేసి, రిటైరయ్యాక ఇక్కడికొచ్చారు. మా బ్లాకులో ఎవరికి ఫొటో ప్రింటు కావాలన్నా ఆవిడ ఇంటికే వెళ్లేవాళ్లం. ఇంట్లో ప్రింటరున్న వాళ్లకి ఈ బాధ తెలిసే ఉంటుంది. తెర మీద కళకళలాడిన ఫొటో కాగితం మీద మబ్బు పట్టినట్టు వస్తుంది. ఆంటీ ముందుగా మానిటరు వెలుతురు తగ్గించేవారు. "తెరకి వెనకాల దీపముంటుంది. కాగితానికేదీ?" అనేవారు.

మా అమ్మాయి చామనఛాయ. బంధువుల మాటలు విని విని, ఫొటో అంటేనే ముడుచుకుపోయేది. పదో తరగతిలో స్కూలు ఫేర్‌వెల్‌కి స్టూడియోలో ఫొటో తీయిస్తే, అడక్కుండానే మొహం తెల్లగా చేసిచ్చారు. "మమ్మీ, యే మై నహీ హూఁ," ఇది నేను కాదంటూ అది గదిలోకెళ్లి తలుపేసుకుంది.

సంగతి విన్న ఆంటీ, "దాన్ని నా దగ్గరికి పంపించవే" అన్నారు. బాల్కనీలో కూర్చోబెట్టి, కబుర్లలో పెట్టి ఫొటో తీశారు. తొలి ప్రింటులో మొహం కందిపోయినట్టు ఎర్రగా వచ్చింది.

"రహనే దో ఆంటీ. మేరా ఫేస్ హీ ఐసా హై," వదిలేయండి, తన మొహమే అంతని అంది అమ్మాయి.

"నీ మొహానికేమే, బంగారంలా ఉంటేను! కంప్యూటరూ రంగు దిద్దుతోంది, ప్రింటరూ దిద్దుతోంది. కూరలో ఇద్దరూ ఉప్పేస్తే తినగలమా?" అంటూ ఆంటీ ప్రింటరు సెట్టింగుల్లో రంగుల సవరణ ఆపేశారు. మామూలు కాగితమని ఉన్నచోట, తను పెట్టిన మెరుపు కాగితం పేరు ఎంచుకున్నారు. మళ్లీ ప్రింటు తీసి, "ఆరనీ. తడి మీద రంగు తెలీదు" అని టీ పెట్టడానికి లేచారు.

టీలు అయ్యాక అమ్మాయి ఫొటోని చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. ఇంట్లో ఏం అడిగినా హిందీలోనే జవాబిచ్చే పిల్ల, "ఇది నేనే" అంది. ఆంటీ గబగబా కప్పులు తీసుకుని వంటింట్లోకెళ్లిపోయారు, కళ్లు తుడుచుకోవడానికేనని నాకర్థమైంది.

ఆ తర్వాత సాయంత్రాలు అమ్మాయి పై అంతస్తులోనే ఉండేది. ఆ పనంతా ఆవిడ దగ్గరే నేర్చుకుంది.

సంతాప సభకి ఆంటీ ఫొటో తనే ప్రింటు తీస్తానంది. ముడతలు కాస్త తగ్గించమని ఎవరో అంటే, "నహీ. ఆంటీకి నచ్చదు," అని ఊరుకుంది. నెరిసిన జుట్టు, పసుపు రాసిన మెడ, నవ్వితే కళ్ల పక్కన పడే గీతలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి.

అంకుల్ ఆ ఫొటో ఎదురుగా కూర్చున్నారు. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి ఆంటీ మొహం మీద పడుతుంటే, రంగు వెలిసిపోతుందని కాబోలు, మెల్లగా లేచి వెళ్లి పరదా వేశారు.