గేసీన్ సూపులో మాంసం ముక్క

గేసీన్ ఎవరినీ నమ్మదు. పాలవాడు నీళ్లు కలుపుతాడని, బడిపంతులు తన పిల్లలనే కావాలని వెనక బల్ల మీద కూర్చోబెడతాడని ఆమె అనుమానం. పాదిరిగారు ప్రసంగంలో దొంగల మాటెత్తితే అది తనవైపు చూసే అన్నాడంటుంది. డ్రెంతె అనే చలిప్రాంతపు బాడవల్లో, పొయ్యిలో కాల్చే పీటు మట్టి కోసి బతికే ఆ ఊళ్లో తాళాలు ఎవరికీ అలవాటు లేదు. పెరటి తలుపు తోసుకుని ఎవరింట్లోకి ఎవరైనా వస్తారు. గేసీన్‌కు అది కంట్లో నలుసు.

ఊరికే పుట్టిన అనుమానం కాదు, పాపం. భర్త హార్మ్ కాలవలో పడి చనిపోయాక, ఇద్దరు ఆడపిల్లలతో ఆమె చర్చి సాయం మీద ఆధారపడింది. చలికాలమంతా తినడానికి బంగాళాదుంపలు, పొయ్యిలోకి ఎండు పీటు ఇటికలు ఇస్తారు. మాంసం తినే ఇంటికి మాత్రం ఇవ్వరు. మొదటి ఏడాదే ఆమె పొగగొట్టంలో మాంసం కూరిన సాసేజ్ ఒకటి వేలాడుతోందని ఆ చలికాలానికి సాయం పట్టీలోంచి పేరు కొట్టేశారు. పిల్లలిద్దరూ మంచం దిగకుండా, ఒక్క దుప్పటి కింద ఆ చలి గడిపారు. ఇది పక్కింటి హిల్లా చేసిన పనే అని గేసీన్ తీర్మానించుకుంది. చర్చి పెద్ద ఓస్టింగ్ గారి వంటింట్లో పనిచేసేది హిల్లాయే కదా, ఇంకెవరు మోస్తారు? ఆరేళ్లుగా ఆమెతో మాటల్లేవు.

ఈ నవంబరులో ఒక మంగళవారం పొద్దున్నే గేసీన్ ఎండు బఠాణీలు, దుంపలు, ఉల్లికాడలు వేసి సూపు మరిగించింది. కుండను కాగితాల్లో చుట్టి, గడ్డి దట్టించిన పెట్టెలో దించి, పైన దిండు అదిమి, బీట్‌దుంపల పొలానికి పోయింది. తిరిగొచ్చేసరికి సూపు ఆ లోపలి వేడికే ఉడికి చిక్కబడి ఉంటుంది. ఆ రోజు వడ్డిస్తుంటే గరిటెలో పొగబెట్టిన పందిమాంసం ముక్క పైకి వచ్చింది.

 ప్రతి శుక్రవారం ఓస్టింగ్ సాయం తీసుకునే ఇళ్లన్నీ తిరిగి కుండల మూతలెత్తి చూస్తాడు.

"అమ్మా, మాంసం!" అంది చిన్నది.

"నోర్ముయ్! ఆ మాట బయట అన్నావంటే నాలుక కోస్తా," అని గేసీన్ ఆ ముక్కను కాలవలో పారేసింది. పిల్లలు ఏడ్చారు.

గురువారం మంచు పడింది. పొలం నుంచి రాగానే చూస్తే హిల్లా పెరటి నుంచి తన పెరటిదాకా కొయ్యబూట్ల అడుగులు. కుండలో మళ్లీ ముక్క. నా పిల్లల నోట్లో మట్టి కొట్టడానికే ఇదంతా, అనుకుంది. రేపు ఓస్టింగ్ వచ్చి చూసేదాకా ఆగడమెందుకు? ముక్కను కాగితంలో చుట్టుకుని తిన్నగా ఓస్టింగ్ ఇంటికి నడిచింది.

"అయ్యగారూ, ఇది నాది కాదండీ. ఆ హిల్లా నా కుండలో పడేసిపోతోంది, నా పేరు కొట్టించాలని. అప్పుడు సాసేజ్ సంగతి మీకు చేరేసింది కూడా ఆవిడే కదండీ?"

ఓస్టింగ్ కాగితం విప్పి, ముక్కను తిప్పి తిప్పి చూశాడు.

"సాసేజా? అది నాకెవరూ చెప్పలేదమ్మా. నేనే తొంగి చూశాను. ఈ ముక్క మాత్రం మా అటకమీద పొగబెట్టిన పందిదే. అంటే నా ఇంట్లో దొంగ ఉందన్నమాట."

పక్కనే ఉన్న ఆయన భార్య ఊరుకోలేదు. "దొంగతనమేంటండీ! మధ్యాహ్నం హిల్లా పళ్లెంలో నేను వేసిన ముక్కే అది. తినకుండా మూట కట్టుకుని ఇంటికి పోతోంది. ఈ వారం చూస్తూనే ఉన్నా."

"సాయం తీసుకునే ఇంటికి చాటుగా మాంసం చేరేస్తే చర్చిని మోసం చేసినట్టే. రేపట్నుంచి దాన్ని రావద్దని చెప్పు," అని భార్యతో అని, ఇటు తిరిగాడు ఓస్టింగ్. " గేసీన్, నువ్వు నిజాయితీగా వచ్చి చెప్పావు. నీ పేరుకేం ఢోకా లేదు."

ఆ మాంసం నేనే అడిగానని ఒక్క మాట అంటే హిల్లా పని నిలిచేదేమో. కానీ అలా అంటే తన పీటు ఇటికలు పోతాయి. గేసీన్ దండం పెట్టి బయటపడింది. దారంతా తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు ఓస్టింగ్ మూతెత్తి, తృప్తిగా తలాడించి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం హిల్లా పెరటి తలుపు తోసుకుని వచ్చి, పిలవకుండానే బల్ల దగ్గర కూలబడింది.

"పని ఊడిందే గేసీనూ. నీ చిన్నది పోయిన వారం బడి దారిలో కళ్లు తిరిగి పడిపోయింది, నేనే లేపాను. నీ చేతికిస్తే నువ్వు తీసుకోవుగా, మహాతల్లీ! అందుకే కుండలో పడేశా. ఎవరో చూసి అయ్యగారికి మోసేశారు. ఎవరై ఉంటారంటావు?"

గేసీన్ గిన్నె నిండా సూపు పోసి ఆమె ముందు పెట్టింది. హిల్లా రెండు చెంచాలు ఆబగా తింది.

"పాలవాడంటావా? వాడి కళ్లు మంచివి కావు."

"నేనే," అంది గేసీన్.

"ఏంటి నువ్వు?"

"నేనే వెళ్లి చెప్పా. నువ్వు నా మీద పగబట్టావనుకున్నా."

హిల్లా చెంచా ఆగిపోయింది.  తిడుతుందని, గిన్నె విసిరికొడుతుందని గేసీన్ ఎదురుచూసింది. హిల్లా తలవంచుకుని మళ్లీ తినసాగింది. ఆ రోజు ఆమెకు వేరే ఎక్కడా తిండి లేదు.