పెదనాయన తవ్విన కందకం

మా పెదనాయన పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను హిందూపురం బస్టాండులో ఉన్నాను. డెబ్బై దాటిన మనిషి. పొద్దున ఉగ్గాని తిని, కారం తక్కువైందని పెద్దమ్మను సతాయించి, మంచం మీద వాలినవాడు మళ్లీ లేవలేదట. ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు.

సోమందేపల్లి దగ్గర మా ఊళ్లో ధర్మవరం పట్టుచీరలు నేసేవాళ్లందరికీ ఆయనే గురువు. నాకు మగ్గం నేర్పిందీ ఆయనే. పోగు తెగితే తిట్టేవాడు కాదు. "తెగింది నీ తప్పు గాదు, అతక్కపోతే తప్పు" అనేవాడు.

కరోనా వచ్చిన ఏడు ధర్మవరం నుంచి పట్టు రావడం ఆగిపోయింది. నేసిన చీరలు కొనే దిక్కు లేదు. మగ్గాలన్నీ మూలపడ్డాయి. రేషన్ బియ్యం వచ్చాయి గానీ, ఒట్టి బియ్యంతో ఇల్లు గడుస్తుందా? అప్పుడే ఉపాధి పనులు పెంచి, అడిగినవాళ్లకల్లా జాబ్ కార్డు ఇస్తామంది ప్రభుత్వం. కొండ కింద వాన నీళ్లు ఇంకేందుకు కందకాలు తవ్వాలి. పట్టు పట్టిన చేతులతో పార పట్టాలంటే మావాళ్లకు నామోషీ. పెదనాయన తలకు తువ్వాలు చుట్టుకుని ముందు నడిచాడు.

"దానమిస్తే సిగ్గుపడాల. పనిస్తే సిగ్గెందుకప్పా? సర్కారూ మనదే, కొండా మనదే. పదండి!"

పది ఇళ్లవాళ్లం వెనకాలే పోయాం. ఆయన ఎలా తవ్వితే అలా తవ్వాం. అదే కొంప ముంచింది. వారం చివర టేపు పట్టుకుని వచ్చిన కొలతల సారు అలాగే నిలబడిపోయాడు. ప్రతి కందకంలో ఒక పక్క మనిషి కూర్చునేటంత మెట్టు, దాని ముందు కాళ్లు పెట్టుకునే లోతు. అచ్చం మేం కూర్చుని కాళ్లతో మగ్గం తొక్కే గుంతలే!

"ఏం పెద్దాయనా, ఈ మెట్టేంది?"

పెదనాయన ముందు తెల్లబోయి, తర్వాత పగలబడి నవ్వాడు. "యాభై ఏండ్లు గుంతలో కాళ్లు పెట్టుకొని బతికినోన్ని సార్. ఈ చేతులకు ఇంకో గుంత తెలీదు."

సారు నవ్వలేదు. "లోతంతా ఒకటే ఉండాల. ఇట్లుంటే మీ వారం పని కొలతకు రాదు. రూలు, నేనేం చేసేది?"

ఆ కూలి వస్తేనే మా పొయ్యిలు వెలిగేది.

పెదనాయన మజ్జిగ చెంబు సారు చేతికిచ్చి, మెట్టు చూపించాడు. "ఎండకు అలిసిపోయినావు. కాసేపు కూచో సామీ."

సారు కూర్చున్నాడు. కాళ్లు గుంతలోకి చాపి, మజ్జిగ తాగి, "బాగుండాదే!" అన్నాడు తనకు తెలియకుండానే. అంతే, సారుతో సహా అందరం నవ్వాం. "సరే, పెనుకొండ పోయొస్తా. ఐదింటికి మళ్లీ కొలుస్తా. ఒక్క మెట్టు కనపడగూడదు."

ఆడామగా అందరం పడి మెట్లన్నీ తవ్వి తీసేశాం. ఐదింటికి ఒక్క మెట్టు లేదు. కూలి పూర్తిగా పడింది. ఆ ఏడు మేం గట్టెక్కామంటే ఆ పని వల్ల, ఆ పనికి మమ్మల్ని నడిపించిన పెదనాయన వల్ల.

పెదనాయన మాత్రం కొలతల్లో లేని ఒక మూల తనకోసం మెట్టుతో సహా ఇంకో గుంత తవ్వుకున్నాడు. సద్ది అక్కడే తినేవాడు. పట్టు వచ్చి మగ్గాలు మళ్లీ ఆడాక కూడా అప్పుడప్పుడూ పోయి కూర్చునేవాడు. యాడికి పోతాండావని పెద్దమ్మ అడిగితే, "నా సర్కారు సీటు కాడికి" అనేవాడు దర్జాగా.

దినాలయ్యాక నేను ఆ కొండ కిందికి పోయాను. మొన్నటి వానకు కందకాలన్నీ నిండాయి. పెదనాయన గుంతలో కూడా నీళ్లు, సరిగ్గా మెట్టు అంచుదాకా. చెప్పులు విడిచి కూర్చుని, కాళ్లు లోపలికి పెట్టాను. కాసేపటికి చూస్తే, ఆ నీళ్లలో నా కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతున్నాయి.