వరస వదిలినవాడి వెబ్ పేజీ

జాకీ రాడ్డు నా మానిటరు నడిమధ్యన దిగింది. రెండో దెబ్బకు కీబోర్డు మీటలు గదంతా చెదిరినాయి. మూడోది నాకేనని తెలిసి టేబులు కిందికి దూరినాను. నా పొట్ట మాత్రం బయటే ఉండిపోయింది.

"యాడికి పోయిందిరా నా పేజీ?" అని అరుస్తున్నాడు కారన్న.

తిరుపతిలో వెబ్ పేజీలు చేసిపెట్టే చిన్న గది నాది. అతనికి సొంత కారు, అందుకే అందరికీ కారన్న. బస్టాండు బయట కార్ల వరసలో నిలబడి "కాణిపాకం, కాళహస్తి, కాణిపాకం, కాళహస్తి" అని యాత్రికుల్ని పిలిచేవాడు. ఆ స్టాండులో వరస వదిలినవాడికి మళ్ళీ చోటివ్వరు. నేను చేసిన పేజీ చూసి ఫోన్లు రావడంతో, ధైర్యం చేసి వరస వదిలేసినాడు.

"ఎవురన్నా వెతికితే నా పేజీ ఇంకా పైకి రావల్ల. కాణిపాకం అనే మాట పేజీ నిండా ఎయ్యి" అన్నాడు ఒకనాడు.

"అన్నా, సెర్చ్ ఇంజిన్‌కు చెవుడు లేదు. పదే పదే అరిస్తే మోసమనుకుని గెంటేస్తుంది."

"ఒకసారి పిలిస్తే ఎవుడొస్తాడబ్బా? నువ్వెప్పుడన్నా బేరం పిలిచినావా?"

లేదు. నేను పిలిస్తే మా ఇంటి పిల్లి కూడా రాదు. తెల్ల పేజీ అడుగున తెల్ల అక్షరాలతో, చదివేవాళ్ళకు కనబడకుండా, ఊళ్ళ పేర్లు దట్టించినాను. కొన్నాళ్ళకు ఎంత వెతికినా పేజీయే కనబడకుండా పోయింది. ర్యాంకు రాకపోవడం నాకు బడినుంచీ అలవాటే. అతనికి మాత్రం ఫోను మోగడం ఆగిపోయింది.

చివరికి కారన్న రాడ్డు పారేసి కూలబడినాడు. "మళ్ళీ స్టాండుకే పోతా. నువ్వూ రా, వాళ్ళకు చెప్పు."

వరస చివర కారు ఆపి, దిగి, "కాణి..." అన్నాడో లేదో మూతి మీద గుద్దు పడింది.

"వరస ఇడిసినోడివి, ఏం మొగం పెట్టుకోని వస్తివిరా? పో, కంప్యూటర్లో పిలుచుకో పో!"

నలుగురు డ్రైవర్లు అతన్ని బానెట్ మీదికి తోసి తొక్కినారు. ఒకడు ముందద్దం బద్దలుకొట్టినాడు. "చూడండప్పా" అని సర్దిచెప్పబోయినాను. అప్పా పూర్తి కాకముందే నా చెంప పూర్తయింది. లేచేసరికి కారన్న దవడ పక్కకు వేలాడుతుండాది.

ఆసుపత్రిలో అతని దవడకు తీగలు కట్టినారు. ఆ మంచం పక్కనే కూర్చుని, నా సెల్లులోనే, పేజీ అడుగున దాచిన మాటలన్నీ తీసేసినాను. ఫోను చేసేవాళ్ళు నిజంగా ఏమడుగుతారో అతను సెల్లులో టైపు చేసి చూపించినాడు: రాహుకేతు పూజకు ఎన్నింటికి బయల్దేరాలి, ముసలోళ్ళు ఎంత దూరం నడవల్ల, పిల్లలకు వాంతులైతే ఆపుతారా. జవాబులు ఒక్కోటి ఒక్కసారే రాసినాను. తప్పు సరిదిద్దినాం, మళ్ళీ చూడమని సెర్చ్ ఇంజిన్‌కు అర్జీ పెట్టినాను.

కారుకు కొత్త అద్దం పడినాక, దవడ తీగలు ఇంకా విప్పకముందే, ఒక పొద్దున అతని ఫోను మోగింది. ఉలిక్కిపడి నా చేతిలో పెట్టినాడు.

"మీ పేజీ చూసినాం. కాణిపాకం పోవల్ల, మా అమ్మ నడవలేదు. వస్తారా?"

కారన్నకేసి చూసినాను. ఊపలేని తల ఊపినాడు.

"వస్తామండీ" అన్నాను.

ఒక్కసారి అంటే చాలదన్నట్టు నా మోకాలి మీద ఒక గుద్దు గుద్దినాడు.